మైలుకింత చొప్పున

1967లో కెనడా బడిపిల్లలు ఒక కాగితం పట్టుకుని ఇరుగుపొరుగు తలుపులు తట్టారు. దాని మీద గళ్లు గీసి ఉండేవి. చందా ఇచ్చేవారి పేరు, చిరునామా, మైలుకు ఎంత ఇస్తారు అన్నవి నడకకు ముందే రాయించుకోవాలి. మొత్తం ఎంతయిందో నడిచొచ్చాక రాయాలి. పక్కింటాయన మైలుకు 10 సెంట్లు రాశాడనుకుందాం. పిల్లవాడు 30 మైళ్లు నడిస్తే ఆయన 3 డాలర్లు బాకీ. పన్నెండో మైలు దగ్గరే కూలబడితే డాలరూ ఇరవై సెంట్లతో సరి. దారిలో అక్కడక్కడా బల్లలు వేసుకుని కూర్చున్న పెద్దవాళ్లు ఆ పిల్లల కార్డులకు చిల్లు కొట్టి పంపేవారు. ఎంత దూరం నడిచారన్నదానికి ఆ చిల్లులే సాక్ష్యం. వాటిని చూపించి, మళ్లీ అవే గుమ్మాలెక్కి డబ్బు వసూలు చేసుకోవాలి.

ఆ నడక పేరు ‘మైల్స్ ఫర్ మిలియన్స్’. కెనడా సమాఖ్యకు నూరేళ్లు నిండిన ఏడాది అది. పేద దేశాల్లో ఆకలి తీర్చే పనులకు డబ్బు పోగుచెయ్యడానికి ఊరూరా ఈ నడక పెట్టారు. ఒట్టావాలో ప్రధాని లెస్టర్ పియర్సన్ కూడా పాల్గొన్నారు. చాలాచోట్ల దూరం 30 మైళ్లు దాటేది, అంటే దాదాపు 50 కిలోమీటర్లు. తెల్లవారుతూనే బయల్దేరిన పిల్లలు పాదాల నిండా బొబ్బలతో పొద్దుపోయాక ఇల్లు చేరేవారు.

ఇప్పుడు సెప్టెంబరులో కెనడా ఊళ్లలోనూ, అక్టోబరులో హైదరాబాద్ కేబీఆర్ పార్కు దగ్గరా కనిపించే చారిటీ నడకలన్నీ ఆ గళ్ల కాగితం కాలం నుంచి వచ్చిన ఆనవాయితీలే. ఓ మంచి పని కోసం ఒక్కసారి నడవడం ఎవరైనా చేస్తారు. ఏటేటా అదే వారంలో, అవే మొహాలు మళ్లీ కనిపించడం ఎలా మొదలైంది? ఆ సంగతి తెలియాలంటే నడిచినవాళ్లతో పాటు, దారి పక్కన బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల చరిత్ర కూడా చూడాలి.

ఆకలితో మొదలు

1960లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ‘ఆకలి నుంచి విముక్తి’ పేరుతో ఒక ఉద్యమం మొదలుపెట్టింది. అప్పుడు ఆ సంస్థకు అధిపతి మనదేశం వాడే, బినయ్ రంజన్ సేన్. ఐసీఎస్ అధికారిగా 1943 నాటి బెంగాల్ కరువును దగ్గర నుంచి చూసిన మనిషి. ఆకలి ప్రభుత్వాల ఫైళ్లతో తీరేది కాదని, సామాన్య జనం కూడా ఇందులో చెయ్యి వెయ్యాలని ఆయన పట్టుబట్టారు. దేశదేశాల్లో ఇందుకోసం కమిటీలు ఏర్పడ్డాయి. డబ్బు పోగుచేసే దారులు వెతుకుతూ ఆ కమిటీల్లోని కుర్రకారు నడకను పట్టుకున్నారు.

నడక అప్పటికే జనాన్ని కూడగట్టే సాధనంగా పేరు తెచ్చుకుంది. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా 1958 ఈస్టర్ రోజుల్లో లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్ దాకా వేల మంది నాలుగు రోజులు నడిచారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఈస్టర్ వస్తే చాలు, ఆ దారి జనంతో నిండేది. అమెరికాలో నల్లజాతి పౌరహక్కుల కోసం 1965లో సెల్మా నుంచి మాంట్‌గొమరీకి సాగిన నడకను ప్రపంచమంతా చూసింది.

నడుస్తూ అడగడం తెలుగు నేలకూ తెలిసిన విద్యే. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే భూమి లేనివారి గోడు విన్నారు. ఊళ్లో ఎవరైనా ఆదుకుంటారా అని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదాన యాత్ర అక్కడే పుట్టింది. అయితే పోచంపల్లిలో అడిగిన మనిషిని చూసి ఇచ్చారు. కెనడాలో బడిపిల్లవాణ్ని చూసి ఎవరిస్తారు? అందుకే మైలుకింత అని లెక్క కట్టారు. ఒక్కొక్క మైలుకూ వెల ఉంది కాబట్టి నడిచేవాడికి ఆగబుద్ధి కాదు. మాట ఇచ్చినాయనకు తప్పించుకునే వీలు లేదు. పదిమంది చేత సంతకాలు పెట్టించుకున్న కుర్రాడు వానొచ్చినా ఇంట్లో కూర్చోలేడు.

ధాన్యం పోయి నడక వచ్చింది

అమెరికాలో ఈ పద్ధతి పల్లె పట్టుల నుంచి పైకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1947లో అక్కడి చర్చిలు కలిసి ‘క్రాప్’ అనే కార్యక్రమం పెట్టాయి. ఇంగ్లిషులో పంట అని ధ్వనించేలా కూర్చిన పొట్టి పేరది. పేరుకు తగ్గట్టే రైతులు గోధుమలో, మొక్కజొన్నలో ఇస్తే రైలు పెట్టెలకు ఎత్తి, యుద్ధంలో చితికిన దేశాలకు పంపేవారు. పట్నాల్లో ఉండేవాళ్ల దగ్గర ఇవ్వడానికి గింజలు లేవు. వాళ్లకు దొరికిన దారి నడక. 1969 అక్టోబరు 17న ఉత్తర డకోటా రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌లో వెయ్యి మంది నడిచి 25,000 డాలర్లు పోగుచేశారు.

క్రాప్ నడకల్లో వచ్చిన డబ్బులో పావు వంతు దాకా ఆ ఊళ్లోనే ఆకలి తీర్చే సంస్థలకు వెళుతుంది. మిగిలింది దూర దేశాలకు. ఈ ఏర్పాటు ఊరి జనానికి నచ్చింది. తమ వీధిలో ఉచితంగా సరుకులిచ్చే గది కూడా ఈ నడక డబ్బుతోనే నడుస్తోందని కళ్లారా చూసినవాళ్లు, మరుసటి అక్టోబరులో పిలవకుండానే వచ్చారు. చర్చిలో ఎవరు సరుకుల బల్ల చూసుకునేవారో, వాళ్లే నడక రోజు నీళ్ల బల్ల దగ్గరా నిలబడ్డారు.

పోలియోపై పోరాడిన సంస్థది ఇంకో కథ. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1938లో పెట్టిన ఆ సంస్థకు జనం ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ అన్న పేరు ఖాయం చేశారు. డైమ్ అంటే 10 సెంట్ల నాణెం. 1950 జనవరిలో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఆ సంస్థ తరఫున తల్లులు ఒక సాయంత్రం వీధుల్లోకి వచ్చారు. ఇవ్వదలచినవాళ్లు వాకిట్లో దీపం వేసి ఉంచాలని ముందే చెప్పారు. దీపం వెలుగుతున్న ఇంటి మెట్లెక్కడం, డబ్బు తీసుకోవడం, పక్కింటికి పోవడం, అంతే పని. గంటలో ఊరంతా చుట్టేశారు. ఆ పద్ధతి త్వరలోనే దేశమంతా పాకింది.

1955లో జోనాస్ సాల్క్ టీకా వచ్చింది, పోలియో తగ్గుముఖం పట్టింది. సంస్థకు జబ్బు దూరమైంది కానీ, ఏటా జనవరిలో తలుపులు తట్టడానికి అలవాటుపడిన వాలంటీర్ల సేన మాత్రం చెక్కుచెదరలేదు. దాంతో 1958లో పుట్టుకతో వచ్చే లోపాల నివారణను సంస్థ తన పనిగా తీసుకుంది. 1970లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో, ఒహాయోలోని కొలంబస్ నగరాల్లో వార్షిక నడక మొదలుపెట్టింది. ‘వాక్ అమెరికా’గా పేరుపడిన ఆ నడకే 2008లో ‘మార్చ్ ఫర్ బేబీస్’ అయింది. తలుపు తట్టే తల్లుల పని, దారి చూపే తల్లుల పనిగా మారింది.

టెర్రీ ఫాక్స్ పెట్టిన షరతులు

బ్రిటిష్ కొలంబియాలో పెరిగిన టెర్రీ ఫాక్స్‌కు 1977లో ఎముక క్యాన్సర్ వచ్చింది. పద్దెనిమిదేళ్ల వయసు. కుడికాలు మోకాలి పైనుంచి తీసేశారు. ఆపరేషన్‌కు ముందు రాత్రి అతని బాస్కెట్‌బాల్ కోచ్ ఒక పత్రిక తెచ్చిచ్చాడు. కృత్రిమ కాలితో న్యూయార్క్ మారథాన్ పరుగెత్తిన డిక్ ట్రామ్ గురించిన కథనం అందులో ఉంది.

1980 ఏప్రిల్ 12న న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో టెర్రీ తన కృత్రిమ కాలిని అట్లాంటిక్ నీళ్లలో ముంచి పరుగు మొదలుపెట్టాడు. దేశం ఆ చివరన పసిఫిక్‌లో మళ్లీ ముంచాలని అతని కోరిక. రోజుకు సుమారు 42 కిలోమీటర్లు. వెనక ఒక వ్యాన్, దాన్ని నడిపే స్నేహితుడు డగ్ ఆల్వర్డ్. కృత్రిమ కాలు మళ్లీ ముందుకు రావడానికి సమయం పట్టేది కాబట్టి, మంచి కాలు మీద రెండుసార్లు గెంతి ఒక అడుగు వేసేవాడు.

పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరి జనాభా సుమారు 10,000. ఆ ఊరివాళ్లు 10,000 డాలర్లకు పైగా అతని చేతిలో పెట్టారు. మనిషికో డాలరు! అప్పటి కెనడా జనాభా 2 కోట్ల 40 లక్షలు. ప్రతి కెనడియన్ నుంచీ ఒక్క డాలరు చొప్పున తేవాలని టెర్రీ అక్కడ లెక్క కట్టుకున్నాడు. ఫోర్ సీజన్స్ హోటళ్ల అధిపతి ఇసడోర్ షార్ప్ మైలుకు 2 డాలర్లు ఇస్తానని, ఇంకో 999 కంపెనీలు కూడా అలాగే ఇవ్వాలని సవాలు విసిరారు. బడిపిల్లల గళ్ల కాగితం లెక్కే, కంపెనీల స్థాయికి ఎక్కింది. షార్ప్ తన కొడుకును క్యాన్సర్‌కే పోగొట్టుకున్నారు.

143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబరు 1న థండర్ బే ఊరి బయట టెర్రీకి ఊపిరి అందలేదు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా చందాలు 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటాయి. మనిషికో డాలరు లెక్క తీరింది. 1981 జూన్ 28న, ఇరవై మూడు నిండకుండానే టెర్రీ కన్నుమూశాడు.

టెర్రీ ఆసుపత్రిలో ఉండగానే షార్ప్ ఒక టెలిగ్రామ్ పంపారు. ఏటా అతని పేరిట పరుగు జరిపిస్తామన్నది అందులో మాట. 1981 సెప్టెంబరు 13న మొదటి టెర్రీ ఫాక్స్ రన్ జరిగింది. 760 చోట్ల 3 లక్షల మంది పాల్గొన్నారు, 35 లక్షల డాలర్లు వచ్చాయి. ఈ కార్యక్రమానికి పెట్టుకున్న షరతులు చూడండి. పోటీ ఉండదు, గెలుపూ బహుమతీ ఉండవు. ప్రవేశ రుసుము కట్టించుకోరు. ఏ కంపెనీ పేరూ పెత్తనం చెయ్యదు. పరుగెత్తినా సరే, నడిచినా సరే, చక్రాల కుర్చీలో వచ్చినా సరే. తన పరుగును చూపించి ఎవరూ సరుకులు అమ్ముకోకూడదని టెర్రీ బతికుండగానే గట్టిగా చెప్పాడు. అతని తల్లి బెటీ ఫాక్స్ 2011లో చనిపోయేదాకా ఆ మాటకు కాపలా కాశారు.

కంపెనీ డబ్బు లేనప్పుడు పని చెయ్యాల్సింది మనుషులే. ఊరికో కమిటీ పుట్టింది. ఒకచోట బడి మాస్టారు, ఇంకోచోట నర్సు, మరోచోట అగ్నిమాపక సిబ్బంది బాధ్యత తీసుకున్నారు. సెప్టెంబరులో వచ్చే లేబర్ డే తర్వాత రెండో ఆదివారం అంటే కెనడాలో ఇప్పుడు టెర్రీ రోజే. ఆ పరుగుల ద్వారా ప్రపంచవ్యాప్తంగా వచ్చిన మొత్తం 85 కోట్ల కెనడియన్ డాలర్లు దాటింది.

ఒక సర్జన్, ఒక ట్రాకు, ఒక రాత్రి

1985 మే నెలలో వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో గోర్డన్ క్లాట్ అనే సర్జన్ ఒక కళాశాల మైదానంలోని ట్రాకు మీద చుట్లు కొట్టడం మొదలుపెట్టారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ స్థానిక శాఖకు డబ్బు పోగుచెయ్యాలని ఆయన ఉద్దేశం. 25 డాలర్లు ఇచ్చిన స్నేహితుడు అరగంటసేపు ఆయన పక్కన నడవచ్చు, పరుగెత్తచ్చు. 24 గంటలు గడిచేసరికి ఆయన 83 మైళ్లు చుట్టారు, 27,000 డాలర్లు వచ్చాయి.

ఆ రాత్రి చుట్లు కొడుతున్నప్పుడే ఆయనకు జట్ల ఆలోచన తట్టింది. మరుసటి ఏడాది 19 జట్లు వచ్చాయి. రోజంతా, రాత్రంతా జట్టులో కనీసం ఒకరు ట్రాకు మీద ఉండాలన్నది నియమం. ‘రిలే ఫర్ లైఫ్’ అలా నిలబడింది. మొదటి చుట్టు క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్లది. చీకటి పడ్డాక కాగితపు సంచుల్లో దీపాలు పెట్టి, ఒక్కో సంచి మీద ఒక్కో పేరు రాసి, ట్రాకు అంచున వరుసగా పేరుస్తారు. తెల్లవారుజామున మూడింటికి ఎవరి వంతు, గుడారంలో కాఫీ ఎవరు కాస్తారు అన్న జాబితా లేకపోతే ఈ కార్యక్రమం అరపూట కూడా నడవదు.

అదే 1985లో జులై 28న లాస్ ఏంజెలెస్‌లో ఎయిడ్స్ రోగుల కోసం తొలి నడక జరిగింది. అప్పట్లో ఆ జబ్బు పేరు చెబితేనే జనం దూరం జరిగేవారు. నటుడు రాక్ హడ్సన్‌కు ఎయిడ్స్ ఉందని బయటపడి మూడు రోజులే అయింది. అయినా 4,500 మంది నడిచి 6,73,000 డాలర్లు తెచ్చారు. డబ్బుకన్నా, పట్టపగలు నడివీధిలో ఆ రోగుల పక్కన నిలబడటమే ఆ రోజు పెద్ద విషయం.

హాంకాంగ్‌లో ఈ ఆనవాయితీకి సైనికులు పునాది వేశారు. 1981లో అక్కడి గూర్ఖా సిగ్నల్స్ దళం శిక్షణలో భాగంగా మెక్లెహోస్ కాలిబాట మీద 100 కిలోమీటర్ల ‘ట్రెయిల్‌వాకర్’ మొదలుపెట్టింది. 1986లో ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ కలిశాక మామూలు జనానికీ తలుపులు తెరిచారు. జట్టుకు నలుగురు, గడువు 48 గంటలు. నడిచే నలుగురికీ వెనక ఓ సహాయక బృందం ఉంటుంది. చెక్‌పోస్టు దగ్గర వేడి సూపు, ఆరిన మేజోళ్లు, బొబ్బలకు పట్టీలు పట్టుకుని అర్ధరాత్రి ఎదురుచూసేది ఆ బృందమే. ఒక ఏడాది నడిచినవాళ్లు మరుసటి ఏడాది సహాయక బృందంలో ఉండటం అక్కడ మామూలు. 2012లో ఈ ట్రెయిల్‌వాకర్ బెంగళూరుకూ వచ్చింది.

నడక వ్యాపారమైనప్పుడు

1990లలో కథ మలుపు తిరిగింది. డాన్ పలోటా అనే వ్యక్తి నడిపిన కంపెనీ ఎయిడ్స్ కోసం రోజుల తరబడి సాగే సైకిల్ యాత్రలూ, 1998 నుంచి ఏవాన్ కంపెనీ పేరిట రొమ్ము క్యాన్సర్ కోసం మూడు రోజుల నడకలూ పెట్టింది. పెద్దపెద్ద ప్రకటనలు, గుడారాల నగరం, వేణ్నీళ్ల స్నానాలు. డబ్బు భారీగా వచ్చింది, ఖర్చూ అలాగే అయింది. ఇచ్చిన డాలరులో జబ్బుకు చేరేదెంత అని జనం నిలదీశారు. 2002లో ఏవాన్ ఒప్పందం తెంచుకుంది, పలోటా కంపెనీ మూతపడింది. ఖర్చు పెట్టకుండా పెద్ద మొత్తాలు రావని పలోటా తర్వాత పుస్తకం రాసి మరీ వాదించారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ కంపెనీ పోగానే ఆయన నడకలు వేరే చేతుల్లోకి పోయాయి. ఊరి కమిటీల చేతిలో ఉన్న టెర్రీ ఫాక్స్ రన్, క్రాప్ నడకలు మాత్రం అలాగే సాగుతూనే ఉన్నాయి. 2020లో కోవిడ్ కారణంగా గుంపులు కూడవద్దన్నప్పుడు కూడా టెర్రీ ఫాక్స్ రన్ ఆగలేదు. ఎవరి వీధిలో వాళ్లు నడిచారు, చందాలు ఆన్‌లైన్‌లో పంపారు.

మన దగ్గర

హైదరాబాద్‌లో ఈ ఆనవాయితీకి బాట వేసినవాటిలో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ ఒకటి. రొమ్ము క్యాన్సర్‌ను జయించిన తన తల్లి పేరిట డాక్టర్ పి.రఘురామ్ 2007లో దాన్ని స్థాపించారు. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమైన అక్టోబరులో ఏటా ఒక ఉదయం కేబీఆర్ పార్కు దగ్గర గులాబీ చొక్కాల జనం బారులు తీరతారు. ఇక్కడ నడక లెక్క వేరు. చందాకన్నా, ఆడవాళ్లు గడ్డ కనిపించినా సిగ్గుతో నెలల తరబడి దాచుకునే అలవాటును పోగొట్టడం ముఖ్యం. జబ్బు తగ్గినవాళ్లు ముందు వరుసలో నడుస్తారు. వాళ్లను చూశాక చూసేవాళ్ల భయం కొంత తగ్గుతుంది. గచ్చిబౌలిలో గ్రేస్ క్యాన్సర్ ఫౌండేషన్ కూడా క్యాన్సర్ అవగాహన పరుగు జరుపుతోంది.

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో వాళ్ల సంఘం ‘తానా’ 5కె నడకలు, పరుగులు పెడుతోంది. భారతీయ పిల్లల చదువుల కోసం 1991లో అమెరికాలో మొదలైన ‘విభ’ సంస్థ జరిపే ‘డ్రీమ్ మైల్’లోనూ తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కనిపిస్తాయి.

ఏ ఊరైనా, ఏ జబ్బైనా, ఆ రోజు తెల్లవారుజామున జరిగే పని ఒకటే. నడిచేవాళ్లకన్నా రెండు గంటలు ముందు వాలంటీర్లు వస్తారు. ఒకరు మలుపుల దగ్గర సుద్దతో బాణం గుర్తులు వేస్తారు. ఒకరు చొక్కాలు సైజుల వారీగా పేరుస్తారు. ఒకరు పిన్నుల డబ్బా పట్టుకుని ఛాతీ నంబర్ల బల్ల దగ్గర కూర్చుంటారు. నీళ్ల బల్ల మీద కప్పులు సగమే నింపాలి, నిండుగా పోస్తే నడుస్తూ తాగలేరు. ట్రాఫిక్ పోలీసుతో మాట్లాడేది ఒకరు, అందరికంటే చివరి మనిషి వెనక నడుస్తూ ఎవరూ దారిలో మిగిలిపోకుండా చూసేది ఒకరు. ఆ తర్వాత రోడ్డు మీద పడ్డ కప్పులు ఏరాలి, చందా లెక్క సరిచూడాలి. మొదటి ఏడాది చొక్కా వేసుకుని నడిచిన మనిషి రెండో ఏడాది నీళ్ల బల్లకూ, మూడో ఏడాది కమిటీకీ చేరాడంటే, ఇక ఆ తేదీన ఊరు వదిలి వెళ్లడానికి అతనికి మనసొప్పదు.

ఈ నడకలు జరిపే సంస్థలు కొన్ని వారాల ముందే వాలంటీర్ల పేర్లు తీసుకుంటాయి. నడిచేవాళ్ల జాబితా త్వరగా నిండుతుంది, బల్లల దగ్గర నిలబడేవాళ్ల జాబితాలోనే ఖాళీలు ఉంటాయి. ఈసారి మీ ఊళ్లో జరిగే నడకకు పేరిచ్చేటప్పుడు ఆ రెండో జాబితా కూడా అడగండి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు నడవండి, ఒకరు బల్ల దగ్గర నిలబడండి. వచ్చే ఏడాది పనులు మార్చుకోండి.